మూడు ఇటుకల నీరు

కలకత్తా వెళ్ళొచ్చానంటే మనవాళ్ళు అడిగేవి నాకు తెలుసు. రసగుల్లాలు తెచ్చావా, హౌరా వంతెన ఎక్కావా, కాళీఘాట్‌లో దర్శనం బాగా జరిగిందా? తేలేదు, ఎక్కలేదు, జరగలేదు. నేను వెళ్ళింది మురుగుకాలవలు చూడటానికి. నవ్వేవాళ్ళు ఇక్కడే నవ్వేసుకోండి, ముందు ముందు నవ్వడానికి పెద్దగా ఏమీ ఉండదు.

హైదరాబాదులో మాదొక చిన్న కంపెనీ. కాలవల్లో నీటిమట్టం కొలిచే పరికరాలు చేస్తాం. కాలవలోకి ఒక గొట్టం దించి, పైన గోడకి ఒక బూడిదరంగు పెట్టె బిగిస్తాం. లోపలి యంత్రం పావుగంటకోసారి నీరు ఎంత ఎత్తున ఉందో చూసి గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని మేం డేటా లాగర్ అంటాం. అయితే అది గుర్తుపెట్టుకుంటుందే గానీ తనంత తాను ఎవరికీ చెప్పదు. ఎవరో ఒకరు అంత దూరం వెళ్ళి, అరచేతిలో పట్టే పామ్‌టాప్‌ని తీగతో దానికి తగిలించి, వానాకాలం మొత్తాన్నీ అందులోకి ఎక్కించుకుని రావాలి. ఆ ఏడు ఆ ఎవరో ఒకరు నేను.

కలకత్తాలో మూడుచోట్ల పెట్టెలు పెట్టారు: సంత్రాగాఛి, మెటియాబ్రుజ్, ఏక్‌బాల్‌పూర్. ఎక్కడ నీరు ఎక్కువ రోజులు నిలుస్తుందో లెక్కతేలితే కొత్త పంపు అక్కడ పెడతారు. పంపు ఒక్కటే. నా ప్రయాణం సంగతి ఇంతే, ఇందులో దాచిందేమీ లేదు. దాచింది తర్వాత వస్తుంది.

సంత్రాగాఛి: మరమరాల ఫలహారం

నాకు విడిది రైల్వే క్వార్టర్స్‌లో, ప్రకాశరావు గారనే ఫిట్టరు ఇంట్లో. వాళ్ళ తాతల కాలంలో బొబ్బిలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. పొద్దున్నే ఆయన నా ముందు పెట్టిన ఫలహారం చూసి నీరుగారిపోయాను. గిన్నెడు మరమరాలు, ఇక్కడ ముడీ అంటారు, వాటి మీద పచ్చి ఆవనూనె, ఉల్లిముక్కలు, ఒక పచ్చిమిరపకాయ! మా బెజవాడలో మరమరాలంటే సాయంత్రం కాలక్షేపానికి తినేవి. ఇక్కడ వాటిని నమ్ముకుని మనుషులు పన్నెండింటిదాకా రైలుపెట్టెలు బాగుచేస్తారు.

"ఏటలగ సూస్తన్నారు? తినండి బాబూ, ముడీ కడుపులో సల్లగుంటాది" అన్నారాయన. రెండో గిన్నె నేనే అడిగాను.

యార్డు పక్క కాలవగట్టు మీద మొదటి పెట్టె. తాళం తీసి తీగ తగిలించాను. ఆ రోజు నా అంత బుద్ధిమంతుడు లేడు. మా మేనేజరు నాలుగు మాటలు కాగితం మీద రాసి పామ్‌టాప్ వెనకాల అంటించాడు: తీసుకో, కార్డులో దాచు, సరిచూడు, ఆ తర్వాతే పెట్టెలో పాతది చెరుపు. నాలుగూ తు.చ. తప్పకుండా చేశాను. అలా అంటించడానికి కారణముంది. ఆ పామ్‌టాప్ లోపల బొత్తామంత బ్యాటరీ ఒకటుంటుంది. అది ఎప్పుడో చచ్చిపోయింది. పెద్ద బ్యాటరీ కూడా పూర్తిగా అయిపోయిందా, లోపల ఉన్నదంతా పోతుంది, పక్కన దూర్చిన మెమరీ కార్డులో దాచింది మాత్రమే మిగులుతుంది. ఆ చిన్న బ్యాటరీ మార్పించమని మూడు నెలలుగా చెబుతున్నారు. చెబుతున్నది నాకే.

మెటియాబ్రుజ్: సంచి కుట్టిన మాస్టరు

రెండోరోజు నది పక్కన మెటియాబ్రుజ్. వీధి పొడుగునా కుట్టుమిషన్ల చప్పుడు. చిన్నపిల్లల గౌన్లు, కుర్తాలు కట్టలు కట్టలుగా మనుషుల నెత్తి మీద పోతుంటాయి. మన దగ్గర దర్జీ దగ్గరికి మనం వెళ్తాం, ఇక్కడ దర్జీల మధ్యలోంచి మనం పక్కకి ఒదిగి నడవాలి.

కాలవ నదిలో కలిసేచోట ఉంది రెండో పెట్టె. నేను పని చేసుకుంటుంటే పక్క కొట్టులో గడ్డం నెరిసిన మాస్టరు ఒకాయన నా భుజాన సంచిని అదేపనిగా చూస్తున్నాడు. పని అయ్యాక చెయ్యి చాపి సంచి తీసుకున్నాడు. పక్కజేబు కుట్టు విడిపోయి నోరు తెరుచుకుని ఉంది. దాన్ని మిషను సూది కింద పెట్టి బర్రున కుట్టేసి, "సామాన్ గిన్ లో, బేటా" అన్నాడు. అన్నీ ఉన్నాయో లేదో చూసుకోమని. చూసుకుంటే ఛార్జరు లేదు. పొద్దున మరిచిపోయి వచ్చాను, సంత్రాగాఛిలో ప్రకాశరావు గారి గోడకే వేలాడుతోంది.

కుట్టుకూలి ఇవ్వబోతే మాస్టరు వద్దని, నా చేతనే టీ తెప్పించుకున్నాడు. మట్టికప్పులో టీ, రెండు రూపాయలు. తాగి కప్పు కాలవలోకి విసిరేయాలి, అదిక్కడ మర్యాద. నాకు చేతులు రాలేదు. రెండు కప్పులు గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. మాస్టరు నన్ను జాలిగా చూశాడు.

మధ్యాహ్నం బిర్యానీలో ఇంత బంగాళాదుంప వచ్చింది. మన హైదరాబాదు వాడెవడైనా చూస్తే పోలీసులకి ఫోను చేస్తాడు. నేను మాత్రం ఆ దుంప కోసమే మళ్ళీ ఆ కొట్టుకి వెళ్ళాలనుకున్నాను. ఛార్జరు కోసం నది దాటి వెనక్కి వెళ్ళాలని మాత్రం అనుకోలేదు. బ్యాటరీ సగం పైనే చూపిస్తోంది. రేపటి పనికి చాలుతుంది, తిరుగు రైలు ఎలాగూ సంత్రాగాఛి మీదుగానే కదా అని, ఖిద్దర్‌పూర్‌లో ఒక లాడ్జిలో దిగాను.

ఏక్‌బాల్‌పూర్: ఇటుకల కొలత

మూడోరోజు ఏక్‌బాల్‌పూర్ సందు మొదట్లో నాకోసం నిలబడి ఉన్నాడు దానియేలు. యాభై అయిదేళ్ళుంటాయి, బక్కపలచటి మనిషి, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా. ఆ సందు చివర మురుగునీటి పంపుహౌసులో పనిచేస్తాడు. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ నాన్న మునిసిపాలిటీ పనికని వచ్చాడట. పెట్టె దానియేలు ఇంటి గోడకే ఉంది, దాన్ని చూసుకోమని ఎవరూ అతనికి చెప్పలేదు. తనే చూసుకున్నాడు.

"పచ్చదీపం మిటుకు మిటుకుమంటానే ఉంది బాబూ. పొద్దున డ్యూటీకి ఎల్తూ ఒకపాలి, వొచ్చీటప్పుడు ఒకపాలి సూసీవోణ్ణి. శ్రావణంలో పెద్ద వానకి మాత్రం బయవేసింది. గొడుగు పట్టుకుని నిలబడిపోనాను."

"ఎక్కడ?"

"పెట్టికాడ. నడుంలోతు జొల్, అదే, నీరు. పెట్టి తడిసిపోద్దని పొద్దున్నించి సందేళ దాకా నానూ, మా ఆడది వొంతులేసుకుని గొడుగు పట్టేం."

నేను పగలబడి నవ్వాను. "దానియేలు గారూ, అది తడవడానికే చేసిన పెట్టె! నీళ్ళలో ముంచినా ఏమీ కాదు" అన్నాను. అతనూ నాతో కలిసి నవ్వాడు, కాస్త సిగ్గుపడుతూ. ఆ నవ్వు ఇప్పుడు వెనక్కి తీసుకునే వీలుంటే ఎంత బాగుండును.

లోపల ఒకే గది. దానియేలు తల్లి మంచం మీద ఉంది, లేవలేని మనిషి. ఆ మంచం నా నడుమెత్తున ఉంది. ఒక్కో కోడు కింద మూడేసి ఇటుకలు. దానియేలు భార్య శాంతమ్మ టీ తెచ్చి నా చూపు పట్టేసింది.

"మా సందులో నీటిని ఇటికల్తోనే సెప్పుకుంటాం బాబూ. ఎనకటి తుపానప్పుడు ఒకిటిక. నిరుడు రెండు. ఈ యేడు మూడు. మూడోది ఎట్టీనాడు అత్తమ్మ మంచం మీదే ఉంది. ఈయన మంచం ఎత్తి పట్టుకుంటే నాను నీట్లో మునిగి ఇటిక దోపేను. మూడ్రోజులు దిగలేదు నీరు."

"ఎవరికీ చెప్పలేదా?"

"సెప్పకేటి!" అన్నాడు దానియేలు. "పార్టీ ఆఫీసుకెళ్ళి సెప్పేం, దరకాస్తులెట్టేం. బాబులు వొచ్చీతలికి నీరు దిగిపోద్ది. ఏదీ నీరు, అంటారు. ఇటికలు సూపిస్తే నవ్వుతారు. అందికే ఈ పెట్టి వొచ్చినప్పుడు మాకు ఎంత దయిర్యమో. ఇది అబద్దమాడదు కదేటి?"

"ఆడదు" అన్నాను.

తీగ తగిలించేసరికి సందులో సగంమంది చుట్టూ చేరారు. నాకొక జబ్బుంది. నా చేతిలో యంత్రం చూసి ఎవరైనా నోరు తెరిస్తే నాకు ఒళ్ళు తెలియదు. లెక్కలన్నీ పామ్‌టాప్‌లోకి ఎక్కగానే వాటిని గీతగా గీయించి అందరికీ చూపించాను. జ్యేష్ఠంలో చిన్న చిన్న గుట్టలు. శ్రావణంలో నిట్టనిలువుగా లేచి, పైన బల్లపరుపుగా మూడు రోజులు అలాగే నిలబడిన ఒక దిబ్బ. శాంతమ్మ తడిచేతిని చీరకు తుడుచుకుని తెర మీద వేలు పెట్టింది.

"ఇదిగో, ఇక్కడేనండీ మూడో ఇటిక."

సందంతా ఒక్కసారి హోరెత్తింది. ఎవరో బెంగాలీలో, ఎవరో హిందీలో, ఎవరో తెలుగులో అందరూ ఒకటే మాట అంటున్నారు. మంచం మీద పెద్దావిడ ఏమైందని అడిగితే దానియేలు గట్టిగా, "పెట్టి సెప్పీసిందే అమ్మా! మనం సెప్పిందే సెప్పింది!" అని అరిచాడు. అతని కళ్ళు చెమర్చాయి.

సరిగ్గా అప్పుడు తెర మీద ప్రశ్న వచ్చింది: పెట్టెలో పాతది చెరపనా? నేను అందరి మొహాలూ చూస్తూ, అవునని నొక్కేశాను. కార్డులో దాచనేలేదు. లాడ్జికి వెళ్ళాక దాచుకోవచ్చులే అనుకున్నాను. శాంతమ్మ అన్నం తినే వెళ్ళాలని పట్టుబట్టింది. అన్నం, ఆవపెట్టిన చేపల పులుసు. చేప బెంగాలుది, పులుపు మాత్రం మన ఉత్తరాంధ్రది. కడుపునిండా తిని లాడ్జికెళ్ళి నిద్రపోయాను.

యంత్రాలకు సెలవు

మర్నాడు విశ్వకర్మ పూజ. దానియేలు ముందే మాట తీసుకున్నాడు, పంపుహౌసులో భోజనానికి రావాలని. మన ఆయుధపూజ లాంటిదే గానీ ఇక్కడి పట్టింపు ఎక్కువ. స్పానర్లు, సుత్తులు, పైపురెంచీలు కడిగి బొట్లు పెట్టి ఏనుగు మీది దేవుడి ముందు పేర్చారు. వాన ముంచుకొస్తే తప్ప మర్నాటి ఉదయం దాకా ఏ పనిముట్టూ ముట్టుకోరు. పంపు మోటారుకి బంతిపూల దండ. ఆ దండ తెచ్చింది దానియేలే.

"మాది ప్రార్దనలిల్లు కదా, మాం పూజ సెయ్యం బాబూ. అయితే పంపుకి దండెయ్యకపోతే తోటోళ్ళు ఏటనుకుంటారు? అదీగాక పాపం, పంపు మా అందరి కోసం కష్టపడతాది" అన్నాడు. అన్నట్టుగానే పూజ జరుగుతున్నంతసేపూ గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పంపు నడిపే నిమాయ్ దా, అంటే నిమాయ్ అన్న, నా సంచి వంక చూశాడు. "ఆజ్‌కే మెషీనేర్ ఛుటీ, దాదా! ఇవాళ మెషీన్లకి సెలవు, మీ మెషీను కూడా ఇటివ్వండి" అన్నాడు. గుమ్మం దగ్గర్నుంచి దానియేలు అందుకున్నాడు: "ఆ గీత కనపడేలా ఎట్టండి బాబూ. నిన్న సూడనోళ్ళు సూస్తారు."

ఎంత గర్వంగా పెట్టానో! తెర దానంతటదే ఆరిపోకుండా ఉండే అమరిక కూడా మార్చాను. స్పానర్ల మధ్య, పూల కింద, శ్రావణమాసపు దిబ్బ వెలుగుతూ ఉంది. జనం వచ్చి వంగి చూసి దణ్ణం పెట్టుకుని పోయారు. దేవుడికి పెట్టారో గీతకి పెట్టారో నేను చెప్పలేను.

తర్వాత కిచిడీ, వంకాయ వేపుడు, మేకమాంసం. మేడ మీదికెళ్తే ఆకాశం నిండా గాలిపటాలు. మనకి సంక్రాంతికి ఎగిరేవి వీళ్ళకి ఈ రోజే. ఎవరి పటం తెగినా ఊరంతా "భో కట్టా" అని కేకలు. నిమాయ్ దా నా చేతికి దారం ఇచ్చాడు. నా పటం రెండు నిమిషాల్లో తెగింది, వేలు కూడా తెగింది.

మధ్యాహ్నం మూడింటికి అనుకుంటాను, కింద వెలుగుతున్న తెర గుర్తొచ్చింది. బ్యాటరీ సంగతీ గుర్తొచ్చింది. కిందికి దిగి, కాస్త ఆపుకుంటానని ఒక్క మాట అడిగితే ఎవరూ కాదనేవారు కాదు. దేవుడి ముందు పెట్టినది తీస్తే ఏమనుకుంటారోనని నాకు నేనే చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే కడుపు నిండా తిని ఉన్నాను, మేడ మీద గాలి బాగుంది, లేవాలనిపించలేదు. ఇన్నాళ్ళూ నాలో నేను పూజ మీదికే నెట్టుకుంటూ వచ్చాను. పూజదేమీ తప్పు లేదు.

నిద్రపోతున్న తెర

ఉదయం వెళ్ళేసరికి పామ్‌టాప్ నల్లగా ఉంది. బొత్తాం నొక్కాను, గట్టిగా నొక్కి పట్టుకున్నాను. దానియేలు నా భుజం మీదుగా తొంగిచూశాడు.

"నిద్దరోతందేటి బాబూ?"

"ఆఁ, ఛార్జింగ్ పెడితే లేస్తుంది" అన్నాను.

అతనికి ఏ అనుమానమూ రాలేదు. పంపుకేసిన దండలోంచి ఒక పువ్వు తుంచి నా సంచి జేబులో, ఆ మాస్టరు కుట్టిన జేబులో పెట్టాడు. నా విజిటింగ్ కార్డు ముందురోజే ఇచ్చాను, అతను దాన్ని చొక్కా జేబులోంచి తీసి మళ్ళీ చూసుకుని లోపల పెట్టుకున్నాడు.

సంత్రాగాఛిలో ప్రకాశరావు గారి గోడకున్న ఛార్జరు తగిలించాను. కాసేపటికి తెర వెలిగింది. కొత్తగా కొన్న రోజున అడిగినట్టు, ఈ రోజు తేదీ ఎంతని అడిగింది. కార్డులో సంత్రాగాఛి ఉంది, మెటియాబ్రుజ్ ఉంది. ఏక్‌బాల్‌పూర్ లేదు. పెట్టెలోనూ లేదు, దాన్ని నేనే చెరిపేశాను.

నా రైలుకి ఇంకా ఐదు గంటల టైముంది. ఈ మాట ఇక్కడ రాయడం నాకు కష్టంగా ఉంది. నా సంచిలో కొలిచే టేపు ఉంది. తిరిగి వెళ్ళి ఒక ఇటుక ఎత్తు కొలవడానికి నిమిషం పట్టదు. మూడిటుకలు, మూడు రోజులు, చూసిన సందు సందంతా సాక్షి, పైగా గీతను కళ్ళారా చూసిన నేను. అంతా కాగితం మీద రాసి, జరిగింది ఇదీ అని సంతకం పెట్టి ఉండొచ్చు. అలా చేస్తే నా నిర్వాకం బయటపడుతుంది. ప్రకాశరావు గారు "ఏటి బాబూ, అలగున్నారు?" అని అడిగితే తలనొప్పి అన్నాను. ఆయన భార్య దారికి మరమరాలు కట్టి ఇచ్చింది. రైలెక్కేశాను.

తిరిగొచ్చాక

రిపోర్టులో ఏక్‌బాల్‌పూర్ ఎదురుగా రెండు ముక్కలు రాశాను. "లాగర్ పనిచేయలేదు. పెట్టెలో నీరు దూరినట్టు అనుమానం." మేనేజరు నన్నేమీ అడగలేదు. పంపు మెటియాబ్రుజ్‌కి వెళ్ళింది. వాళ్ళకీ అవసరమే, ఆ మాస్టరు కొట్టులోకి నీరు రాకపోతే నాకూ సంతోషమే. పాడైన పరికరం కింద లెక్కేసి ఏక్‌బాల్‌పూర్ గోడ మీంచి పెట్టెను విప్పించి తెచ్చారు. మా వర్క్‌షాపులో తెరిచి చూస్తే లోపల చుక్క తడి లేదు. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు.

మరుసటి ఏడు వానలు వెనకబడ్డాక ఆఫీసు చిరునామాకి ఒక ఉత్తరం వచ్చింది. బైబిలు చదివి నేర్చుకున్న పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు.

"బాబు గారికి ప్రభువు నామమున వందనములు. మేము క్షేమం. పెట్టి పాడైపోనాదని తీసుకుపోనారు. పచ్చదీపం ఆకరి దినం దాకా ఎలుగుతానే ఉంది బాబూ. మేము గొడుగు సరిగా పట్టనేదేమో, ఎక్కడో నీరు ఎల్లిపోనాదేమో. మీరు తడవదన్నారు గాని మాదే తప్పు అయి ఉంటాది, మన్నించవలెను. ఇంకొక పెట్టి ఇప్పించితే ఈపాలి టార్పాలు కొని కడతాను. అమ్మ మిమ్మల్ని అడుగుతున్నాది. ఈ యేడు నాలుగో ఇటిక ఎట్టేము."

రెండు మట్టికప్పులూ నా బల్ల మీదే ఉన్నాయి, ఉత్తరం వాటి కింద ఉంది. జవాబు నాలుగైదుసార్లు మొదలుపెట్టి చించేశాను. అందుకే ఇక్కడ, నలుగురూ చదివేచోట రాస్తున్నాను. దీన్ని కత్తిరించి ఏక్‌బాల్‌పూర్‌కి పంపిస్తాను.

దానియేలు గారూ, పెట్టె పాడవలేదు. మీరూ శాంతమ్మ గారూ పట్టిన గొడుగు కింద అది చుక్క తడవలేదు. మీ మూడో ఇటుకని అది సరిగ్గానే చెప్పింది. చెరిపేసింది నేను.